మళ్లీ పెళ్లి చేసుకుంటే ఏ పెన్షన్ ఆగుతుంది, ఏది ఆగదు?

కోనసీమలో అయినా, భీమవరం వైపు అయినా, భర్త పోయిన ఆడపిల్లకు సంబంధం వచ్చిందంటే అబ్బాయి గురించి మాటలు పూర్తికాకముందే ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు: "మరి పెన్షనో?" అడగడంలో తప్పేం లేదు. ఆంధ్రలో వితంతు పెన్షన్ నెలకు 4,000 అంటే ఏడాదికి 48,000. కౌలు చేసుకుని బతికే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. చిక్కంతా ఆ ప్రశ్నకు వచ్చే జవాబుల్లోనే ఉంది. "పెళ్లయితే అన్నీ పోతాయి" అంటారు ఒకరు. "ఎవరికీ చెప్పకపోతే ఏదీ పోదు" అంటారు ఇంకొకరు. రెండూ తప్పే.

మనం అన్నిటినీ కలిపి పెన్షన్ అనేస్తాం గానీ ఆ డబ్బు వచ్చే చోట్లు వేరు, వాటి రూళ్లు వేరు. పెళ్లి రోజునే ఆగిపోయేది ఒకటి, పిల్లల పేరు మీదకి మారేది ఒకటి, ఆగకుండా వచ్చేది ఇంకొకటి. సంబంధం ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. డబ్బు లెక్క మాత్రం సరిగ్గా వేసుకుని తేల్చుకోండి.

## ముందు తేల్చుకోవాల్సిన నాలుగు సంగతులు

మొదటిది, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చి ఇస్తున్నారా, పీఎఫ్ ఆఫీసు నుంచి బ్యాంకులో పడుతోందా, ట్రెజరీ నుంచా, మిలిటరీ పెన్షనా? పాస్‌బుక్‌లో ఎంట్రీ చూస్తే సగం తెలుస్తుంది. పెన్షన్ పేమెంట్ ఆర్డర్ ఉంటే మిగతా సగం అందులో ఉంటుంది.

రెండోది, పిల్లలున్నారా, వాళ్ల వయసెంత? ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది ఇదే.

మూడోది, మీ సొంత సంపాదన. ఇది పిల్లలు లేని వాళ్లకే, అదీ కేంద్ర ప్రభుత్వ పెన్షన్‌లోనే ముఖ్యం.

నాలుగోది, కాబోయే ఆయన ఉద్యోగం, పొలం, రేషన్ కార్డు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పోయే పెన్షన్ గురించి ఆలోచించినంతగా, కొత్త ఇంటి నుంచి వచ్చే హక్కుల గురించి ఆలోచించరు.

| డబ్బు | పెళ్లి తర్వాత మీకు | పెళ్లి తర్వాత పిల్లలకు |
|---|---|---|
| ఎన్టీఆర్ భరోసా వితంతు పెన్షన్ | ఆగుతుంది | ఏమీ మారదు |
| పీఎఫ్ పెన్షన్ (ఈపీఎస్ 95) | ఆగుతుంది | 25 శాతం నుంచి 75 శాతానికి పెరుగుతుంది |
| కేంద్ర ప్రభుత్వ ఫ్యామిలీ పెన్షన్ | ఆగుతుంది. పిల్లల్లేకపోతే షరతుతో కొనసాగుతుంది | అదే పెన్షన్ వాళ్లకు మారుతుంది |
| రాష్ట్ర ప్రభుత్వ ఫ్యామిలీ పెన్షన్ | ఆగుతుంది | అర్హత ఉన్నవాళ్లకు మారుతుంది |
| ఆర్మీ స్పెషల్, లిబరలైజ్డ్ పెన్షన్ | కొనసాగుతుంది | మీరు పోషించకపోతే సగం వాళ్లకు |
| ఈఎస్ఐ డిపెండెంట్ బెనిఫిట్ | ఆగుతుంది | వాళ్ల వాటా వాళ్లకు |
| పొలం, ఇల్లు, చేతికొచ్చిన ఇన్సూరెన్స్, పీఎఫ్ సొమ్ము | మీదే | వాళ్ల వాటా వాళ్లదే |

## ఒకటో తారీఖు పెన్షన్

2024 జులై నుంచి చేతికి 4,000 వస్తున్న ఈ ఎన్టీఆర్ భరోసా పెన్షన్ "భర్త చనిపోయిన మహిళ" అన్న కేటగిరీ మీద ఇస్తున్నది. మళ్లీ పెళ్లయితే ఆ కేటగిరీలో ఉండరు కాబట్టి ఆగుతుంది. ఇందులో వాదనకు చోటు లేదు. 40 దాటిన పేద వితంతువులకు కేంద్రం తన పథకం కింద ఇచ్చే 300కీ ఇదే రూలు.

వితంతు కేటగిరీ పోయినంత మాత్రాన తలుపులన్నీ మూసుకుపోవు. 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లు వికలాంగుల పెన్షన్‌కు పెట్టుకోవచ్చు, అది 6,000. దానికి పెళ్లితో సంబంధం లేదు. 60 నిండితే వృద్ధాప్య పెన్షన్ కూడా అంతే, వయసు చూస్తారు గానీ పెళ్లి చూడరు. మెలిక ఎక్కడంటే, ఒక రేషన్ కార్డుకు సాధారణంగా ఒకే పెన్షన్. వైకల్యం, డయాలసిస్ లాంటి కొన్నిటికే మినహాయింపు. 58 ఏళ్ల ఆవిడ, అప్పటికే వృద్ధాప్య పెన్షన్ తీసుకుంటున్న ఆయన్ని చేసుకుందనుకోండి. రెండేళ్లు ఆగితే తనకూ వస్తుందనుకుంటే కుదరదు, ఆ కార్డు మీద ఒకటి ఇప్పటికే నడుస్తోంది. ఆయన కౌలు రైతై, ఇంకా ఏ పెన్షనూ లేకపోతే లెక్క వేరు.

పొలం పరిమితి కూడా చూసుకోండి. మాగాణి అయితే 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు ఉండాలి. డెల్టాలో మెట్ట ఎక్కడుంది? కాలువ కింద అంతా మాగాణే. నాలుగెకరాల ఆసామిని చేసుకుంటే ఆ ఇంటికి ఈ పెన్షన్ రాదనే అనుకోవాలి.

పిల్లలు బడికి వెళ్తుంటే తల్లికి వందనం (పిల్లల చదువుకని రాష్ట్ర ప్రభుత్వం తల్లికి ఇచ్చే డబ్బు) సంగతి కూడా ఇందులోకే వస్తుంది. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుందని అది ఆగదు. కానీ కొత్త కార్డులోకి మారాక ఆ ఇంటి మొత్తాన్నీ చూస్తారు: ప్రభుత్వ ఉద్యోగం, ఇన్‌కం ట్యాక్స్, 300 యూనిట్లు దాటిన కరెంటు బిల్లు, కారు. ప్రభుత్వ టీచర్‌ను చేసుకుంటే ఆ డబ్బు పోతుంది. అంత జీతం వచ్చే ఇంట్లో దాని కోసం బాధపడాల్సిన పని లేదనుకోండి, అయినా ముందే తెలిసి ఉంటే మంచిది.

## పీఎఫ్ పెన్షన్: ఇక్కడ కాగితం పెన్ను తీసుకోండి

రాజమండ్రి పేపర్ మిల్లు, తణుకు ఫ్యాక్టరీలు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లు, ఆర్టీసీ. మన వైపు పీఎఫ్ కట్టిన మగవాళ్ల భార్యలకు వచ్చేది ఈపీఎస్ 95 పెన్షన్. "భార్య చనిపోయే దాకా లేదా మళ్లీ పెళ్లి చేసుకునే దాకా" అని రూలులోనే ఉంది. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. ఆ తర్వాతి మాట ఇంకా ముఖ్యం.

భర్త ప్లాంటులో పనిచేస్తూ పోయాడు, ఇద్దరు పిల్లలు, వచ్చేది కనీస పెన్షన్ అనుకుందాం. 2014 సెప్టెంబరు నుంచి భార్యకు కనీసం 1,000. పిల్లలు ఒక్కొక్కరికీ భార్య పెన్షన్‌లో 25 శాతం, అంటే 250. ఇంటికి మొత్తం 1,500.

ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆవిడ 1,000 ఆగింది. కానీ ఆ రోజు నుంచి పిల్లలను అనాథ పిల్లల పెన్షన్ కిందకు మారుస్తారు. తల్లి బతికే ఉన్నా ఆ పేరే పెట్టారు. దాని కింద ఒక్కొక్కరికీ 75 శాతం, అంటే 750. ఇద్దరికీ కలిపి 1,500.

అంటే ఇంటికి రూపాయి కూడా తగ్గలేదు. పెన్షన్ 3,000 అయినా 5,000 అయినా లెక్క ఇలాగే తేలుతుంది, ఎందుకంటే శాతాలు అవే. ఒక్కరే ఉంటే తేడా వస్తుంది: 1,250 కాస్తా 750 అవుతుంది. పిల్లలు లేకపోతే మొత్తం పోతుంది. ముగ్గురుంటే ఒకేసారి ఇద్దరికే ఇస్తారు, పెద్దవాడికి 25 నిండాక మూడోవాడికి వస్తుంది.

ఇది దానంతట అదే జరగదు. పెళ్లయిందని రాజమండ్రి పీఎఫ్ ఆఫీసుకు తెలియజేసి, పిల్లల తరఫున ఫారం 10డి పెట్టుకోవాలి. పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతాలు, ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉండాలి. చెప్పకుండా పాత 1,500 తీసుకుంటూ ఉండేవాళ్లను చూడండి. న్యాయంగా పిల్లలకు వచ్చే అదే 1,500ను తప్పుడు డిక్లరేషన్ మీద తీసుకుంటున్నారు. దొరికితే వెనక్కి కట్టాలి. ఇంతకంటే పనికిమాలిన రిస్కు ఇంకొకటి లేదు.

పీఎఫ్ ఖాతాలో పోగైన సొమ్ము, 7 లక్షల దాకా వచ్చే ఈడీఎల్ఐ బీమా అసలు పెన్షనే కాదు. ఒకసారి చేతికొచ్చాక ఏ పెళ్లీ దాన్ని వెనక్కి లాక్కోదు. భర్త పనిలో ప్రమాదం వల్ల పోతే వచ్చే ఈఎస్ఐ డిపెండెంట్ బెనిఫిట్ మాత్రం పీఎఫ్ పెన్షన్ లాంటిదే: భార్య వాటా మళ్లీ పెళ్లితో ఆగుతుంది, పిల్లల వాటా నడుస్తుంది.

## రైల్వే, పోస్టల్, ఇతర ప్రభుత్వ ఉద్యోగాలు

కేంద్ర ప్రభుత్వ ఫ్యామిలీ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం, కనీసం 9,000, దాని మీద డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం). సర్వీసులో ఉండగానే పోతే మొదటి పదేళ్లు 50 శాతం. మొత్తం పెద్దది కాబట్టి నష్టభయం కూడా ఇక్కడే ఎక్కువ.

పిల్లలుంటే మీ పెన్షన్ ఆగి, అంతే మొత్తం అర్హత ఉన్న పెద్ద పిల్లకో పిల్లాడికో వెళ్తుంది. ఒకరి తర్వాత ఒకరికి, 25 ఏళ్లు వచ్చే వరకు, లేదా పెళ్లో సొంత సంపాదనో వచ్చే వరకు. మైనర్ అయితే గార్డియన్‌గా మీరే తీసుకోవచ్చు. అత్తగారి వైపు వాళ్లు "పెళ్లి చేసుకున్నావు కాబట్టి పిల్లలు మావాళ్లు, పెన్షన్ మాది" అని దబాయిస్తే బెదరకండి. తండ్రి తర్వాత సహజ గార్డియన్ తల్లే. మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదు. చిన్నవాడికి కూడా 25 దాటాక ఆ పెన్షన్ తిరిగి తల్లికి రాదు, అది గుర్తుంచుకోండి.

పిల్లలు లేకపోతే మంచి కబురు. 2006 జనవరి నుంచి వర్తించే రూలు ప్రకారం, పిల్లలు లేని వితంతువు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఫ్యామిలీ పెన్షన్ కొనసాగుతుంది. షరతు ఒక్కటే: మిగతా అన్ని మార్గాల్లో ఆమె సొంత ఆదాయం కనీస ఫ్యామిలీ పెన్షన్, దాని మీద డీఆర్ కలిపిన మొత్తం కంటే తక్కువ ఉండాలి. చూసేది ఆమె ఆదాయమే, కొత్త భర్త జీతం కాదు. ఈ సంగతి తెలియక పాతికేళ్ల ఆడపిల్లలకు వచ్చిన సంబంధాలు వదులుకునే ఇళ్లున్నాయి.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి భార్యకు ఈ మినహాయింపు ఉందని అనుకుని ముందుకు వెళ్లకండి. 1980 నాటి రాష్ట్ర పెన్షన్ రూల్స్ ప్రకారం చనిపోయే దాకా లేదా పునర్వివాహం దాకా, అంతే. సబ్ ట్రెజరీలో పేమెంట్ ఆర్డర్ చూపించి రాతపూర్వకంగా అడగండి.

కారుణ్య నియామకం (సర్వీసులో పోయిన ఉద్యోగి ఇంట్లో ఒకరికి ఇచ్చే ఉద్యోగం) ఫైలు నడుస్తుంటే ఒక్క మాట: ఉద్యోగం వచ్చాక పెళ్లి చేసుకుంటే కేంద్ర రూల్స్ ప్రకారం ఉద్యోగానికి ఢోకా లేదు. ఫైలు తేలకముందే చేసుకుంటే, ఆధారపడిన కుటుంబసభ్యురాలు అన్న దానికే ఎసరు పెట్టుకున్నట్టు. ఈ ఒక్క విషయంలో మాత్రం పెళ్లి వాయిదా వేయమనే నా సలహా.

## మిలిటరీ

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు, తరతరాలుగా ఆర్మీకి పిల్లల్ని పంపిన ఊరు. అలాంటి ఊళ్లలో మూడు రకాల పెన్షన్లు కలగాపులగం అయిపోతుంటాయి. మామూలు జబ్బుతో పోతే వచ్చేది సాధారణ ఫ్యామిలీ పెన్షన్, దానికి పైన చెప్పిన కేంద్ర రూలే. డ్యూటీ కారణంగా పోతే స్పెషల్, పోరులో పోతే లిబరలైజ్డ్. ఈ రెండూ మళ్లీ పెళ్లితో ఆగవు. పిల్లల్ని మీరే పోషిస్తుంటే పూర్తిగా మీకే, వదిలేసి వెళ్తే పిల్లలకు సగం, మీకు సగం. శౌర్య పతకం అలవెన్సుకు ఒకప్పుడు "మరిదిని చేసుకుంటేనే" అన్న మెలిక ఉండేది. 2017 నవంబరులో అది తీసేశారు. ఇప్పటికీ ఆ పాత మాట చెప్పి కోడల్ని ఇంట్లోనే కట్టేసుకోవాలని చూసే పెద్దలున్నారు, నమ్మకండి.

## పొలం పోదు

రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అప్పటికి అమల్లో ఉన్న 1856 చట్టం పెళ్లిని చెల్లుబాటు చేసింది గానీ, మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో హక్కు లేకుండా చేసింది. ఊళ్లలో "పొలం వదులుకుని పో" అనే మాట ఆ కాలం నాటిది. చట్టం మారి దశాబ్దాలైంది.

హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా భర్త పోయిన రోజునే ఆయన సొంత ఆస్తి భార్యకు, పిల్లలకు, ఆయన తల్లికి సమాన వాటాలుగా వచ్చేస్తుంది. తర్వాత పెళ్లి చేసుకున్నా ఆ వాటా తిరిగి వెళ్లదు, సుప్రీంకోర్టు 2008లో ఈ మాటే చెప్పింది. యాక్సిడెంట్ కేసులో నష్టపరిహారం కూడా పెళ్లి చేసుకుందన్న కారణంతో ఎగ్గొట్టడానికి వీల్లేదని బాంబే హైకోర్టు 2023లో అంది.

చట్టంలో పోకపోయినా చేతిలోకి రావడం వేరే సంగతి. మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పొలాన్ని మీ పేరు మీదకి మార్చడం) చేయించకుండా, పట్టాదారు పాస్‌బుక్ మామగారి పేరు మీదే వదిలేసి కొత్త ఊరికి వెళ్లిపోతే, కౌలు డబ్బులు రెండు దాళ్వాల తర్వాత రావడం ఆగిపోతాయి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మ్యుటేషన్ రెండూ పెళ్లికి ముందే అయిపోవాలి.

## చెప్పి చేసుకోవడం, దాచి చేసుకోవడం, పెళ్లి లేకుండా ఉండడం

అసలు ఎంపిక ఈ మూడింటి మధ్యే. నోరు విప్పి చెప్పకపోయినా చాలా ఇళ్లలో జరిగేది రెండోది: అన్నవరం కొండ మీద తాళి కట్టించుకుని, రిజిస్ట్రేషన్ చేయించకుండా, పాత కార్డులోనే ఉండిపోవడం. "కాగితం లేదుగా, పెళ్లి కానట్టే" అన్న ధీమా. కాదు. శాస్త్రప్రకారం జరిగిన హిందూ వివాహం రిజిస్టర్ కాకపోయినా చెల్లుతుంది. పెన్షన్ రూలు అడిగేది పెళ్లి అయిందా అనే, రిజిస్టర్ అయిందా అని కాదు. లైఫ్ సర్టిఫికెట్‌లో మళ్లీ పెళ్లి చేసుకున్నారా అన్న ప్రశ్న ఉంటుంది, దానికి లేదని వేలిముద్ర వేస్తే అది అబద్ధపు డిక్లరేషనే. పెన్షన్ ఇంటికి తెచ్చే సచివాలయం ఉద్యోగి తరచూ పక్క వీధి మనిషే అయి ఉంటారు, మీ పెళ్లి ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో ఆ ముందు రోజే చూసి ఉంటారు.

అంతకంటే పెద్ద నష్టం తర్వాత వస్తుంది. రెండో ఆయన పోయాక ఆయన పొలంలో వాటాకు, పెన్షన్‌కు మీరు భార్యనని నిరూపించుకోవాలి. ఆయన మొదటి భార్య పిల్లలు పెళ్లే కాలేదంటారు. మీరేమో ఇన్నేళ్లూ పెళ్లి కాలేదని సంతకం పెట్టి పెన్షన్ తీసుకున్నారు. మీ సంతకమే మీకు సాక్ష్యంగా ఎదురొస్తుంది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

పెళ్లి లేకుండా కలిసి ఉండటం పైకి తెలివైన దారిలా కనిపిస్తుంది. కానీ ఏళ్ల తరబడి భార్యాభర్తల్లా బతికితే కోర్టులు పెళ్లయినట్టే భావించవచ్చు. అలా భావించకపోతే ఆయన తర్వాత మీకేమీ రాదు. ఏ వైపు తేలినా మీ చేతిలో లేదు.

రిజిస్టర్ చేయించుకుని చెప్పేస్తే పోయేదెంతో తెలుస్తుంది, వచ్చేదెంతో కూడా తెలుస్తుంది. ఆయన ప్రభుత్వ పెన్షనర్ అయితే, రిటైరయ్యాక చేసుకున్న భార్యకూ ఫ్యామిలీ పెన్షన్ హక్కుంది. పెళ్లి సర్టిఫికెట్‌తో పేమెంట్ ఆర్డర్‌లో పేరు ఎక్కించుకోవాలి, ఆయన ఆరోగ్యంగా ఉండగానే.

## మీరు ఏ కోవలో ఉన్నారు?

పాతికేళ్లు, పిల్లల్లేరు, చేతికొచ్చేది 4,000 మాత్రమే: ఈ డబ్బును చూసి సంబంధం వదులుకోవద్దు. భర్తది కేంద్ర ఉద్యోగమైతే పెన్షన్ కూడా మీతోనే వస్తుంది, ఆదాయ షరతు చూసుకోండి.

ముప్ఫై అయిదు, ఇద్దరు పిల్లలు, పీఎఫ్ పెన్షన్: పెద్దగా పోయేది ఒకటో తారీఖు పెన్షనే. పిల్లల ఖాతాలు, మ్యుటేషన్ పెళ్లికి ముందే చూసుకుని, 10డి పెళ్లయిన వెంటనే పెట్టండి.

యాభై దాటింది, పిల్లలకు పాతికేళ్లు నిండాయి, పెద్ద ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది: మూడింటిలో కష్టమైనది ఇదే. మీ పెన్షన్ ఆగితే మామూలుగా పిల్లలకు మారదు. పాతిక వేలు వదులుకుని వెళ్తున్నారంటే ఆయన వైపు నుంచి రాతపూర్వకంగా ఏదో ఒకటి ఉండాలి: మీ పేర ఇల్లో, ఎకరమో, కనీసం ఉమ్మడి డిపాజిట్టో. "నేను చూసుకుంటాను కదా" అన్న మాటను నమ్మండి, దస్తావేజు కూడా రాయించుకోండి. దీనికి ఆయన మొహమాటపడితే నేనైతే ఆగుతాను.

పెళ్లి తేదీ ఖాయమయ్యాక పనుల వరుస ఇది: మ్యుటేషన్, బీమా క్లెయిములు, పిల్లల ఖాతాలు ముందు. తర్వాత పెళ్లి, సబ్ రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫికెట్. ఆ నెలలోనే సచివాలయానికీ, పీఎఫ్ ఆఫీసుకో ట్రెజరీకో లేదా బ్యాంకుకో రాతపూర్వకంగా ఉత్తరం. దాని కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు, తేదీ వేయించుకోండి. ఆ తర్వాత కూడా పొరపాటున ఖాతాలో డబ్బు పడితే ముట్టుకోకుండా ఉంచండి, వెనక్కి అడుగుతారు. రేషన్ కార్డు మార్పు చివరిగా పెట్టుకోవచ్చు.